ఒకే ఇంట్లో పది కుంపట్లు

కూర్మమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని కాలేజీలో అనుకునేవాళ్లు. అది తప్పు. ముక్కు మీది కోపం ఒక తుమ్ముతో పోతుంది. కూర్మమ్మది నివురుగప్పిన నిప్పు. ఏళ్ల తరబడి ఆరదు, ఎవరైనా ఊదారా, ఇక వాళ్ల ఖర్మ.

ఆ నిప్పు రాజుకుందని తెలియడానికి ఒక గుర్తు ఉండేది. పాఠం చెప్పేటప్పుడు ఆమె 'చెప్పు', 'చూడు' అని పుస్తకంలో ఉన్నట్టే పలికేది. కోపం వస్తే 'చ' ఎగిరిపోయి 'స' దిగేది. మేడం నోట 'సెప్పు' అన్న మాట వినపడితే చాలు, పిల్లలు పెన్నులు కింద పెట్టి తలలు వంచుకునేవాళ్లు. చేరిన కొత్తలో ప్రిన్సిపాల్ మోహనకృష్ణ గదిలోకి పిలిచి, "భాష కొంచెం సరిచేసుకోండమ్మా, ఇది ఇంజనీరింగ్ కాలేజీ కదా" అన్నాడు. ఆ మాట ఆమె మరిచిపోలేదు. అలాంటివి మరిచిపోయే మనిషి కాదు.

ఆమెది భావనపాడు. పుట్టిల్లు సముద్రానికి కూతవేటు దూరం. శ్రీకూర్మం దేవుడికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. తండ్రి వేటకు వెళ్లేవాడు, తల్లి తాతమ్మ చేపల గంపతో కోటబొమ్మాళి బజారుకు వచ్చేది. తాతమ్మ కూర్చునే వరసలో ఒక ఆనవాయితీ ఉంది. పైన నవనవలాడే కవళ్ల చేపలు పరిచి అడుగున నిన్నటివి దాచే మహాతల్లులు ఉంటారు గనక, కొనడానికి వచ్చిన మనిషి 'గంప బోర్లించు' అని అడగొచ్చు. అడిగాక బోర్లించాల్సిందే. బోర్లించనంటే ఆ రోజుకు ఆమె గంప ముట్టుకునేవాళ్లుండరు. తాతమ్మ మాత్రం ఎవరూ అడక్కముందే బోర్లించేది. "అడిగినాక బోర్లిస్తే ఏటి గొప్ప?" అనేది. బళ్లో పక్కపిల్ల చేపల వాసనని ముక్కు మూసుకుంటే, ఆ ముక్కు మీదే ఒక్కటిచ్చి ఇంటికొచ్చిన కూర్మమ్మ, తల్లి మాటల్లో ఈ ఒక్కదాన్నే ఎదురు చెప్పకుండా ఒప్పుకుంది.

చదువు దానంతటది సాగింది. విశాఖలో ఎంటెక్ దాకా చదివి, మళ్లీ ఈ తీరానికే వచ్చి, కోటబొమ్మాళి దాటాక హైవే పక్కనున్న ఆ ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పడానికి చేరింది. పొలాలమ్ముకోకుండా, పుస్తెలమ్ముకోకుండా చదువుకోగలిగిన పిల్లలు వచ్చే కాలేజీ అది. పాతపట్నం నుంచి, టెక్కలి నుంచి, తీరం పల్లెల నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చేవాళ్లు.

రెండు వేల పదిహేడులో చివరి ఏడాది పిల్లలకు బిగ్ డేటా అనే కొత్త పాఠం వచ్చి పడింది. సంగతి పెద్దదేమీ కాదు. ఒక మెషీన్ మోయలేనంత సమాచారం ఉన్నప్పుడు, దాన్ని ముక్కలు చేసి పది మెషీన్లకు పంచుతారు. ఒక్కో ముక్కకు మూడు నకళ్లు తీసి మూడు చోట్ల పెడతారు. ఒక మెషీన్ చచ్చినా మిగిలిన రెండింట్లో ముక్క బతికే ఉంటుంది. ఏ ముక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడానికి పైన ఒక పెద్ద ఉంటుంది. ఈ పది మెషీన్ల గుంపును క్లస్టర్ అంటారు. ఇంతే కథ.

ఇంతే, కానీ పది మెషీన్లు ఏవీ? ల్యాబులో ఉన్నవి దండం పెడితే గాని వెలగని డొక్కు కంప్యూటర్లు. పిల్లలు కమాండ్లు బట్టీపట్టి, కిందటేటి రికార్డు చూసి ఈ ఏటి రికార్డు రాసుకునేవాళ్లు. రాని జవాబు వచ్చినట్టు రాసేవాళ్లు. ఒడ్డున కూర్చుని ఈత పుస్తకం చదివిన పిల్లలను రేపు సముద్రంలోకి తోస్తారు, మునిగితే మీ తెలివి ఇంతేనంటారు. ఇది తలుచుకున్నప్పుడల్లా కూర్మమ్మకు ఒళ్లు మండిపోయేది. మోహనకృష్ణను అడిగితే "మేనేజ్‌మెంట్‌కి చెప్పాను" అనేవాడు. ఆయన ఏ రోజైనా మేనేజ్‌మెంట్‌కి ఏదైనా చెప్పాడంటే 'సరేనండి' అనే చెప్పి ఉంటాడు.

చివరికి శైలజ ఆదుకుంది. ఆమె కూర్మమ్మ దగ్గర చదువుకున్న మొదటి జట్టు పిల్ల, పాతపట్నం అమ్మాయి, బెంగళూరులో ఉద్యోగం. "మేడం, పిల్లలకని ఒకటి పంపుతన్నాను" అని ఫోన్ చేసి ఒక దిట్టమైన మెషీన్ పంపించింది. ఒక్కటే. కానీ ఆ ఒక్కటి ల్యాబులో ఉన్నవన్నీ కలిపినా తూగనంతది.

ఒక్క మెషీన్‌తో పది మెషీన్ల పాఠం ఎలా చెప్పడం? దానికో దారి అప్పటికే ఉంది. ఒకే మెషీన్ లోపల కంటైనర్లని కట్టుకోవచ్చు. ఒక్కో కంటైనరూ తనదొక వేరు మెషీనే అనుకుంటుంది. పక్కదాని గొడవ దానికి పట్టదు. కూర్మమ్మ ఆ మాటను పిల్లలకు ఒక్క ముక్కలో చెప్పింది.

"వేరు కుంపటి పెట్టడమంటే తెలుసు కదా? ఇల్లు ఒకటే, దూలం ఒకటే. తోడికోడళ్లు మాత్రం ఎవరి కుంపటి వాళ్లది. ఇదీ అంతే. ఒకే ఇంట్లో పది కుంపట్లు."

క్లాసంతా ఘొల్లుమంది. అర్థం కూడా అయింది. ఆ రోజు నుంచి ఆ ల్యాబులో కంటైనర్ అన్న మాటే పోయింది, అన్నీ కుంపట్లే. ఏ ముక్క ఎక్కడుందో చూసే దానికి పెద్దమ్మ అని పేరు పెట్టారు. మిగతావాటికి అసిరమ్మ, జగ్గమ్మ, చిన్నతల్లి అని తలా ఒక పేరు. మొదట్లో ఏదీ కుదురుగా నిలబడలేదు. దేనికెంత మెమరీ అని కొలిచి ఇవ్వకపోతే ఒకటే అంతా మింగేసి కూర్చునేది, మిగిలినవి టపటపా రాలిపోయేవి. "మేడం, జగ్గమ్మ అందరి బొగ్గులూ ఎత్తుకుపోనాది!" అని పిల్లలు కేకలు పెట్టేవాళ్లు. కొలతలేసి, కూల్చి, మళ్లీ కట్టి, ఒక రోజు తెర మీద పదీ పచ్చగా వెలిగాయి. తుపాను గాలుల లెక్కల మీద ప్రాజెక్టు చేస్తున్న భారతి అనే అమ్మాయి, తన జవాబు నిజంగా మెషీన్ చెప్పడం మొదటిసారి చూసి, ఏడ్చినంత పని చేసింది. వచ్చే నెల ఉద్యోగాలిచ్చే కంపెనీలు వస్తున్నాయి. భారతి ప్రాజెక్టూ, మిగతా పిల్లల ప్రాజెక్టులూ అన్నీ ఆ ఒక్క మెషీన్‌లోనే ఉన్నాయి.

అయితే ప్రతి పాఠం చివరా కూర్మమ్మ ఒక మాట తప్పకుండా చెప్పేది. "ఇవి పది ఉన్నట్టు. పది ఉన్నాయని కాదు. ఇల్లు కాలితే పది కుంపట్లూ పోతాయి, మూడు నకళ్లూ పోతాయి. ఎవరడిగినా ఒక్క మెషీన్ అనే చెప్పండి." పిల్లలు 'ఉన్నట్టు' అని ఒక్క గొంతుతో అనేవాళ్లు.

అలా అంటుండగానే ఒక రోజు కరస్పాండెంట్ జగన్నాధం ల్యాబులోకి వచ్చాడు. ఆయనకు రెండు రైసు మిల్లులు, ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ, వాటితో పాటు ఒక కాలేజీ ఉన్నాయి. ఏ మిల్లులో ఏం ఆడుతుందో ఆయనకు బాగా తెలుసు, కాలేజీలో తప్ప.

"ఇవేటమ్మా, పచ్చగా పది?"

"పది మెషీన్లు ఉన్నట్టు కట్టామండి. పిల్లలు నేర్చుకోడానికి."

"పదున్నాయన్నమాట!"

"ఉన్నట్టు అన్నానండి. ఉన్నాయనలేదు."

జగన్నాధం చెవిలో 'ఉన్నట్టు' దూరలేదు. దూరినా, దానికీ 'ఉన్నాయి'కీ మధ్య దూరం ఆయన ఎప్పుడో అడ్డదారిన దాటేసి ఉంటాడు. తలూపుకుంటూ వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు కూర్మమ్మ ల్యాబు తలుపు తీసేసరికి మెషీన్ లేదు. వెతుక్కుంటూ వెళితే కింద అంతస్తులో కొత్తగా కట్టిన గాజు గదిలో ఉంది, ఒక బల్ల కింద, ముసుగేసి. గది నిండా మనిషెత్తు నల్ల ఇనుప పెట్టెలు పది నిలబడి ఉన్నాయి. వెనక్కి వెళ్లి చూస్తే వాటి లోపల ఏమీ లేదు. అమ్మవారి సంబరాలకు లైట్లు కట్టే మనిషి పెట్టెల్లో సీరియల్ బల్బులు కడుతున్నాడు. "ఆకుపచ్చవి సాలకపోతే ఎర్రవి కలిపీమంటారేటమ్మా?" అని ఆమెనే అడిగాడు పాపం.

కూర్మమ్మ సరాసరి ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. జగన్నాధం అక్కడే ఉన్నాడు. కొత్త కోర్సు పెడుతున్నారట. పది సర్వర్ల ల్యాబు ఉందని చూపించాలట. చూసి అనుమతివ్వడానికి కమిటీ వస్తోందట.

"ఆ మెషీన్ పిల్లలది సార్. శైలజ పిల్లలకిచ్చింది. పిల్లల ప్రాజెక్టులు అందులో ఉన్నాయి."

మోహనకృష్ణ కిటికీలోంచి హైవే మీద లారీలు చూస్తున్నాడు. జవాబు జగన్నాధమే చెప్పాడు.

"ఒక్క రోజమ్మా. కమిటీ వస్తాది, సూస్తాది, ఎల్తాది. మర్నాడు నీ పెట్టె నీ ల్యాబులో ఉంటాది. కాదంటావా, పెట్టె ఇక్కడే తాళంలో ఉంటాది, నువ్వు ఇంటికాడ ఉంటావు. పిల్లల సంగతి నీకే తెలియాల."

తర్వాత మోహనకృష్ణ చల్లగా ఒక మాట కలిపాడు. "ఆ పేర్లు కూడా మార్చేయండి. జగ్గమ్మ, అసిరమ్మ ఏమిటండీ అసహ్యంగా. సర్వర్ ఒకటి, సర్వర్ రెండు అని పెట్టండి."

కూర్మమ్మకు నోటిదాకా వచ్చిన మాటలు రాయడానికి వీల్లేనివి. కానీ భారతి మొహం గుర్తొచ్చింది. కంపెనీలు వచ్చే రోజుకు మెషీన్ లేకపోతే ఆ పిల్లలు మళ్లీ బట్టీపట్టిన కమాండ్లతో కూర్చోవాలి. ఆ ఒక్క లెక్కతో పళ్లు బిగబట్టి ఒప్పుకుంది. ఇంటికొచ్చి తల్లికి చెబితే తాతమ్మ ఓదార్చలేదు. చేపల గంప కడుక్కుంటూ, "ఒక్కరోజుకేనటే? అడుగున కుళ్లినవెట్టి పైన మంచియి పరిసీదీ ఒక్కరోజుకేనే కూర్మీ" అంది. ఆ పూట కూర్మమ్మ అన్నం ముట్టలేదు.

కమిటీ వచ్చిన రోజు కాలేజీ పెళ్లింటిలా ఉంది. ముగ్గుల దగ్గర నుంచి మజ్జిగ దాకా లోటు లేదు. కమిటీ పెద్ద పద్మకుమారి అనే ప్రొఫెసరు, నెరిసిన జుట్టు మనిషి, మాట తక్కువ. గాజు గదిలో పది పెట్టెలూ మిణుకుమంటున్నాయి. పదీ ఒకే తాళానికి, అమ్మవారి సంబరంలో లాగానే. గోడ మీద పెద్ద తెర, దాని మీద సర్వర్ ఒకటి నుంచి పది దాకా పచ్చగా వరస. కూర్మమ్మ తెర పక్కన నిలబడి అడిగినవాటికి పొడి పొడిగా జవాబులు చెబుతోంది. అప్పటిదాకా నడిచింది.

అక్కడితో ఊరుకుంటే జగన్నాధం జగన్నాధం ఎందుకవుతాడు? వరసలో నిలబెట్టిన పిల్లల్లోంచి భారతిని ముందుకు పిలిచాడు. భుజం మీద చెయ్యేసి, "సెప్పమ్మా, మన పది సర్వర్ల మీదే కదా మీరు రోజూ నేర్సుకుంటన్నారు?" అన్నాడు.

భారతి కూర్మమ్మ వైపు చూసింది. ఆ చూపులో ఏం చెప్పమంటారు మేడం అన్న ప్రశ్న ఒక్కటే ఉంది. కూర్మమ్మ నోరు తెరవలేదు. ఆ పిల్ల తల దించుకుని, "అవునండి. పది... ఉన్నాయండి" అంది.

ఉన్నాయండి.

కూర్మమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. జగన్నాధం మీద కోపం, కిటికీలోంచి లారీలు చూసే ఆ మోహనకృష్ణ మీద కోపం, అన్నిటికన్నా ఎక్కువగా తన మీద తనకు అసహ్యం. ఏడాదంతా 'ఉన్నట్టు' అని నేర్పించి, ఒక్క పూట నోరు మూసుకుని 'ఉన్నాయి' అని నేర్పింది. ఈ పిల్లకు ఉద్యోగం కోసమని ఊరుకుంది, ఈ పిల్ల చేతే అబద్ధమాడించింది. ఇక ఈ మెషీన్ దేనికి, ఈ చదువు దేనికి, తగలెయ్యడానికా?

సరిగ్గా అప్పుడే పద్మకుమారి, "ఒక సర్వర్ పోయినా మిగిలినవి పనిచేయాలి కదా. ఒకదాన్ని ఆపి చూపించండి" అంది.

"కమాండ్ కొట్టండి మేడం" అన్నాడు మోహనకృష్ణ తొందరగా. అదెంత పని! ఒక్క వరస కొడితే ఒక కుంపటి ఆరుతుంది, తెర మీద తొమ్మిది మిగులుతాయి, అబద్ధం నిజంలా నిగనిగలాడుతుంది.

"కమాండ్ దేనికండీ, తీగే లాగీద్దాం" అంది కూర్మమ్మ. "ఏ పెట్టో మీరే సెప్పండి."

'సెప్పండి' అని వినగానే వెనక వరసలో పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. పద్మకుమారి ఏడో పెట్టె చూపించింది. కూర్మమ్మ దాని వెనక్కి వెళ్లి తీగ లాగేసింది. పెట్టెలో బల్బులు ఆరిపోయాయి. తెర మీద పదీ పచ్చగానే ఉన్నాయి.

"టైం పడుతుంది మేడం" అన్నాడు మోహనకృష్ణ. "ఒక మెషీన్ పోయిందని పెద్దది నిర్ధారించుకోడానికి పది నిమిషాలు పడుతుంది." ఇది నిజమే. ఈ నిజం ఆయనకు నేర్పింది కూర్మమ్మే. పద్మకుమారికీ తెలిసిన సంగతే గనక తలాడించి, పెన్ను తీసింది.

కూర్మమ్మ బల్ల దగ్గరకు వెళ్లి ముసుగు లాగింది.

"అదేమిటి?" అంది పద్మకుమారి.

జగన్నాధం ఒక్క గంతులో ముందుకొచ్చాడు. "అబ్బే, అదేదో పాత కంప్యూటరండి. పిల్లలకని ఎవరో ఇచ్చారు. మా సర్వర్లకీ దానికీ సంబంధం లేదు."

"సంబంధం లేదా?" అంది కూర్మమ్మ.

"లేదన్నాను కదమ్మా!"

"ఇంకోపాలి సెప్పండి, అందరూ ఇంటారు."

"లేదు, లేదు, లేదు!" అన్నాడు జగన్నాధం.

కూర్మమ్మ వంగి దాని తీగ లాగింది. తీగ లాగితే డొంకంతా కదిలిందంటారు, ఆ సామెత కళ్లముందు జరగడం చూడటం మాత్రం అందరికీ దొరకదు. పెట్టెలు తొమ్మిదీ ఎంచక్కా మిణుకుమంటూనే ఉన్నాయి. ఆమె తెర మీది పేజీని మళ్లీ తెరవబోతే అది తెరుచుకోలేదు. ఒకటి లేదు, రెండు లేదు, పదీ లేవు. పేజీ తెల్లగా, తద్దినం నాటి మొహంలా ఉంది.

"ఇదీ మా గంప" అంది కూర్మమ్మ పద్మకుమారితో. "బోర్లించీసినాను. ఉన్నది ఒక్కటే మెషీను. పిల్లలు దీని మీదే నేర్సుకున్నారు, బాగానే నేర్సుకున్నారు. అది తప్పు కాదు. పదున్నాయని ఈ గుంట సేత అనిపించినారు సూడండి, అదీ తప్పు. అందులో నా వాటా కూడా ఉన్నాది, రాసుకోండి."

మోహనకృష్ణ అలవాటుకొద్దీ కిటికీ కోసం చూశాడు, గాజు గదికి కిటికీ లేదు. జగన్నాధం ముందు తెల్లబోయి, తర్వాత ఎర్రబడి, "నువ్వు రేపట్నుంచి రాకు!" అని అరిచాడు.

"రాను. మీరు కాళ్లట్టుకున్నా రాను. కానీ ఈ పెట్టె మీ సర్వర్లకి సంబంధం లేదన్నారు, పిల్లలకని ఎవరో ఇచ్చారన్నారు. ముమ్మారు అన్నారు, కమిటీ వారు ఇన్నారు. భారతీ, ఆ పక్క పట్టే!"

భారతి ఒక పక్క పట్టింది, ఇంకో ఇద్దరు మరో పక్క పట్టారు. జగన్నాధం నోరు తెరిచాడు. ఆ పెట్టె నాదంటే ఆ పదీ అందులోవేనని ఒప్పుకున్నట్టు. కాదంటే పోనివ్వాలి. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా పిల్లలు మెషీన్‌ను గుమ్మం దాటించారు. పద్మకుమారి పక్కకు తప్పుకుని వాళ్లకు దారిచ్చింది.

ధర్మం గెలిచిందని చెబితే వినడానికి బాగుంటుంది. కోర్సు ఆ ఏడు రాలేదు, అంతవరకే నిజం. మరుసటి ఏడు ఇంకో కమిటీ వచ్చింది, కోర్సూ వచ్చింది. ఆ పెట్టెల్లో అప్పుడు ఏ రంగు బల్బులు కట్టారో కూర్మమ్మకు తెలియదు. ఆ కాలేజీ బస్సు రోడ్డు మీద కనపడితే ఇప్పటికీ ఆమె పళ్లు పటపటమంటాయి.

మెషీన్ మాత్రం భావనపాడులో తాతమ్మ ఇంటి అరుగు మీదికి చేరింది. పేర్లు మళ్లీ మార్చారు. పెద్దమ్మ వచ్చింది, అసిరమ్మ, జగ్గమ్మ, చిన్నతల్లి అందరూ వచ్చారు. ఆదివారాలు పిల్లలు బస్సు దిగి ఇసకలో నడుచుకుంటూ వచ్చి అక్కడే నేర్చుకున్నారు. తాతమ్మ వాళ్లకు కానాగడత చేపల పులుసు వండిపెట్టి, కరెంటు పోయినప్పుడల్లా వాళ్లకంటే ముందు కరెంటాఫీసును తిట్టేది.

ఒక మధ్యాహ్నం భారతికి ఆ అరుగు మీద ఉండగానే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ప్రాజెక్టు గురించి చాలాసేపు అడిగారు. కూర్మమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. అవతలి మనిషి ఎన్ని సర్వర్ల మీద చేశారని అడిగినట్టున్నాడు. భారతి ఫోన్ పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఎదురుగా తెర మీద పది పేర్లు పచ్చగా వెలుగుతున్నాయి.

"ఒక్కటేనండి" అంది. "పది ఉన్నట్టు కట్టుకున్నాం."